బిరుదులు పూర్తయ్యేదాకా వంగే ఉండాలి

ఒక పెద్ద అడవిలో ఒక సింహం ఉండేది అని మొదలుపెట్టడం కథలకి రివాజు. ఈ అడవీ పెద్దదే, ఇందులోనూ సింహం ఉంది. కాకపోతే ఉండేది అనడం కంటే కూర్చునేది అనడం సబబు. పొద్దున్నే కొండరాతి మీద కూర్చుంటే పొద్దుగూకేదాకా కూర్చునే ఉండేవారు సింహంగారు.

ఆ అడవిలో దర్బారు మర్యాద ఒకటుంది. దర్బారుకి ముందు రాజుగారి బిరుదులు చదవాలి. చదువుతున్నంతసేపూ జంతువులన్నీ ముందుకాళ్ళు మడిచి, నుదురు నేలకి ఆనించి, నడుం వంచి ఉండాలి. తలెత్తి చూడకూడదు. రాజుగారు కూడా కూర్చున్న చోటునుంచి కదలకూడదు. పొగుడుతుండగా మధ్యలో లేచిపోతే పొగిడినవాళ్ళకి అవమానమట. ఈ మర్యాద ఎవరు పెట్టారో తెలీదుగానీ, దాన్ని సాగదీసిన పుణ్యం మాత్రం అందరిదీ.

మొదట్లో ఉన్న బిరుదులు మృగరాజు, గుహాధీశ్వరుడు, గర్జనాగంభీరుడు. ఒక్క ఊపిరిలో అయిపోయేవి. తర్వాత అడవిపంది వరహాలుకి చిలగడదుంపల మెరక మీద కన్ను పడి, ‘బురదంటని పాదపద్ముడు’ అని ఒకటి సమర్పించుకున్నాడు. మెరక అతనిదైంది. అది చూసి ఎలుగుబంటి తేనెపట్ల కోసం ఒకటి, కుందేళ్ళ సంఘం గరికబీడు కోసం ఒకటి. ఇలా పని పడ్డప్పుడల్లా ఒక బిరుదు పుట్టింది. పుట్టిన బిరుదుని తీసెయ్యడం రాజద్రోహం. దాంతో బిరుదులు మొదలయ్యేటప్పుడు చెట్టుకి ఈ పక్కనున్న నీడ, పూర్తయ్యేసరికి ఆ పక్కకి పోయేది.

కొన్నేళ్ళుగా రాజుగారు వేట మానేశారు. దయ పుట్టిందని అందరూ చెప్పుకున్నారు. ‘అహింసావ్రతుడు’ అని దానికీ ఒక బిరుదు పుట్టింది. ఎక్కడో చచ్చి పడున్నవాటిని మంత్రి నక్క జంబులింగం గుట్టుగా గుహకి చేరవేస్తుంటాడు. అహింస కూడా ఏదో ఒకటి తినాలి కదా.

ఈ బిరుదులన్నీ కంఠతా పట్టి చదివే ఉద్యోగం భూషయ్యది. భూషయ్య మనుబోతు. ముందు ఎత్తూ వెనక పల్లంగా ఉండే ఒళ్ళు వాళ్ళది, వంగడానికి పుట్టింది కాదు. అయినా ఇంటిల్లిపాదికీ నీళ్ళు కావాలి. ఎండాకాలంలో ఆ అడవికంతటికీ మిగిలేది ఒక్క మడుగు. దర్బారు ఉద్యోగులకి అందులో నీళ్ళు పైపైన తేటగా ఉన్నప్పుడే వంతు వస్తుంది. మిగతావాళ్ళు అడుగు బురద పిండుకోవాలి. అందుకని భూషయ్య రోజూ నడుం పళ్ళ బిగువున వంచి, నేలకి నోరు ఆనించి, బిరుదులు అరిచేవాడు.

ఒకరోజు బిరుదులైపోయాయి. అందరూ మూలుగుతూ లేచారు. భూషయ్య లేవలేదు. లేవలేకపోయాడు. నడుం మధ్యలో ఏదో పట్టేసింది, ఇటు కదలదు, అటు కదలదు. ఉద్యోగం ఊడినట్టేననుకున్నాడు.

సింహంగారికి మాత్రం కళ్ళు చెమర్చాయి.

“చూశారా. బిరుదులైపోయినా లేవలేకపోతున్నాడు. అదీ భక్తంటే,” అన్నారు. ఇకనుంచి ఎవరు ఆఖర్న లేస్తే వాళ్ళకే మడుగులో మొదటి వంతని అక్కడికక్కడే శాసనం చేశారు. దాంతో మర్నాటినుంచి అడవిలో ఎవరూ లేవలేదు. నిజంగా పట్టేసినవాళ్ళు కొందరు, పట్టేసినట్టు నటించీ నటించీ నిజంగానే పట్టేసినవాళ్ళు కొందరు. అయినా భూషయ్యని మించినవాళ్ళు లేరు. అతను ఇంటికి కూడా వంగే వెళ్ళేవాడు.

మొదటి వంతు నీళ్ళు దక్కాయిగానీ, భూషయ్య లోకమంతా కాళ్ళైపోయింది. ఎదురొచ్చినవాళ్ళని కాళ్ళని బట్టి పోల్చుకునేవాడు. బురద గిట్టలైతే వరహాలు, చప్పుడు చెయ్యని కాళ్ళైతే జంబులింగం. ఆకాశం ఏ రంగులో ఉందో పిల్లల్ని అడిగి తెలుసుకునేవాడు. లేత చివుళ్ళు తలపైనే ఉన్నా అందక, రాలిన ఎండాకులు నమిలేవాడు. నొప్పికి కునుకు పట్టేది కాదు.

అలాంటి రోజుల్లో పడమటి కొండలనుంచి కొండముచ్చు నాంచారమ్మ వచ్చింది. ఆవిడ కైరోప్రాక్టర్ చదువు చదువుకుంది. మందూ మాకూ లేకుండా వట్టి చేతుల్తో వెన్నుపూసలు తడిమి, ఎక్కడ బిగుసుకుందో చూసి, ఒక్క ఒడుపుతో సర్దే వైద్యమన్నమాట. పూస సర్దుకున్నప్పుడు టక్కుమంటుంది. ఆ చప్పుడు విని వరసలో ఉన్నవాళ్ళు సగంమంది ఇంటికి పారిపోయేవాళ్ళు.

మిగిలినవాళ్ళకే ఆవిడకి తీరిక ఉండేది కాదు. ఒళ్ళు బిగుసుకుపోయిందని తాబేలొస్తే, “నాయనా, అది బిగుసుకోవడం కాదు, నీ ఇల్లు,” అని చెప్పి పంపింది. పాము వచ్చి వెన్ను నొప్పంది. ఎక్కడని అడిగితే దానికే తేలలేదు, ఎక్కడ చూసినా వెన్నే. కుందేలుకి రెండు పూసలు సర్ది, ఇక కొన్నాళ్ళు వంగకమ్మా అని చెప్పింది. కుందేలు దణ్ణం పెట్టి, హాయిగా ఉందని మురిసిపోతూ తిన్నగా దర్బారుకి వెళ్ళి మునుపటికంటే లోతుగా వంగింది. మర్నాడు మళ్ళీ వరసలో నిలబడింది.

భూషయ్య ఆవిడ ఉండే చెట్టు ఛాయలకి కూడా పోలేదు. నడుం బాగైతే నిటారుగా లేవాల్సొస్తుంది, లేస్తే వంతు పోతుంది. అడవిలో ఆ నొప్పితో బతకలేనిదీ అతనే, ఆ నొప్పి లేకుండా బతకలేనిదీ అతనే. పాపం ఎవరితో చెప్పుకుంటాడు.

అనుకోకుండా ఒకరోజు జంబులింగమే ఇంటికొచ్చాడు. ఎప్పుడూ ‘ఏరా’ అనేవాడు ‘భూషయ్యగారూ’ అన్నాడు. మీ అవస్థ చూడలేకపోతున్నాం, డాక్టరమ్మకి చూపించుకోండి, మీ ఉద్యోగానికి నాదీ పూచీ అన్నాడు. మంత్రిగారి దయ ఊరికే పుట్టదు. భూషయ్య లేచి నిలబడితే బిరుదులు చదివే పని తన మేనల్లుడికి ఇప్పించొచ్చు. అంతకంటే పెద్ద లెక్క ఇంకొకటుంది, అది భూషయ్యకి తర్వాత తెలిసింది. ఆ డాక్టరమ్మ హస్తవాసి ముందు ఎవరి వెన్ను మీదన్నా పరీక్షించి చూడాలి.

భూషయ్య వద్దన్నాడు. పిల్లలు తేట నీళ్ళు తాగుతున్నారు, అది చాలన్నాడు.

అప్పుడు అతని పెళ్ళాం కోటమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. అతనికి నాలుగు కాళ్ళు కనిపించాయి.

“నీళ్ళు ముందే తాగుతున్నాం, కాదన్ను. నువ్వు నా మొహం చూసి ఎన్నాళ్ళైందో చెప్పు,” అంది.

భూషయ్య లెక్కపెట్టబోయి మానేశాడు. మర్నాడు వెళ్ళాడు.

నాంచారమ్మ వీపంతా తడిమింది. ఎలా నిలబడతావు, ఎలా పడుకుంటావు, ఏం పని చేస్తావు అని అడిగింది. పని సంగతి విని తల కొట్టుకుంది. తర్వాత ఒకచోట ఒక చెయ్యీ మరోచోట మోకాలూ పెట్టి, ఊపిరి వదలమంది. వదిలాడు. టక్. మళ్ళీ టక్. ఎండుకట్టెల మోపు మీద ఏనుగు కూర్చున్నట్టు వరసగా చప్పుళ్ళు. ప్రాణం పోయిందనుకుని కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఆకాశం ఉంది.

ఆకాశం తర్వాత కోటమ్మ. చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. కళ్ళకింద వాడిపోయింది. తను నేల చూస్తుండగానే ఈ మనిషికి ముసలితనం వచ్చేసిందని భూషయ్యకి గుండె చెరువైంది. ఏడ్చాడు కూడా. కోటమ్మ ఊరుకో అనలేదు, ఏడవనిచ్చింది.

నాంచారమ్మ మాత్రం కచ్చితంగా చెప్పింది. “సర్దడమే నా పని, నాయనా. వంగడం మానుకోవడం నీ పని. వానలు పడేలోపు వంగావో, ఈసారి నా చేతులు కాదు, బ్రహ్మ చేతులూ అతికించలేవు.”

మర్నాటి దర్బారులో అందరూ వంగారు. భూషయ్య నిలబడే బిరుదులు మొదలుపెట్టాడు. ధైర్యం అనుకునేరు, శుద్ధ భయం. రాజుగారి కోపమా, బ్రహ్మ కూడా అతికించలేని నడుమా అని తూచుకుంటే నడుమే బరువు తూగింది.

కొన్నేళ్ళుగా ఆ దర్బారులో తలెత్తి చూసినవాడు లేడు. భూషయ్య చూశాడు. రాజుగారి వీపు వెనక ఒక మోడు ఆనించి ఉంది. వింజామరలు వీచడానికని నిలబెట్టిన జంబులింగం బావమరుదులిద్దరూ వింజామరలు కింద పడేసి, రాజుగారు ఒరిగిపోకుండా చెరోపక్క భుజం కాస్తున్నారు. రాజుగారి వెనకకాళ్ళు చచ్చుబడ్డట్టు రాతి మీద పడున్నాయి. ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చుని బిరుదులు వింటే ఏ నడుమైనా అంతే కదా. అహింసావ్రతం ఎక్కడ పుట్టిందో భూషయ్యకి అప్పుడు తెలిసింది.

అతను చూడటం రాజుగారూ చూశారు.

దర్బారు ముగిసింది. భూషయ్యని గుహలోకి పిలిపించారు. ఏం చూశావని అడిగితే ఏమీ చూడలేదన్నాడు. మంచిదన్నారు. మరి నీ నడుం ఎవరు నిలబెట్టారని అడిగారు. భూషయ్య నోరు తెరిచేలోపే జంబులింగం ముందుకొచ్చి, ఆ డాక్టరమ్మని తానే వెతికి తెచ్చినట్టు, ప్రభువుల కోసమే ఈ మనుబోతు మీద పరీక్ష చేయించినట్టు విన్నవించుకున్నాడు. ఒకే దెబ్బకి రెండు పిట్టలు. వంగలేదన్న నేరం మీద భూషయ్య ఉద్యోగం మేనల్లుడికి పోయింది, మడుగులో వంతు అందరికంటే ఆఖరికి పోయింది.

ఆ సాయంత్రం పిల్లలు బురద పీల్చి తుమ్మారు. కోటమ్మ తన వంతు కూడా వాళ్ళకే వదిలేసింది. అందుకే భూషయ్యకి ఎక్కువ నొప్పేసింది.

ప్రభువులకి స్వల్ప అలసట అని మర్నాడు ప్రకటన వచ్చింది. ఏలినవారికి స్వల్ప అలసటంటే ఎంత పెద్ద రోగమో లోకమెరుగును. భూషయ్య ఉండబట్టలేక వరహాలు దగ్గరికి పరిగెత్తాడు. ఆయనకి పుట్టింది దయ కాదు, నడుం నొప్పి, అది తగ్గితే మన గతేమిటని చెప్పాడు. వరహాలు వంగే ఉండి భూషయ్య కాళ్ళతో మాట్లాడాడు. దర్బారులో వంగనివాడి మాట ఎవరు నమ్ముతారు, పైగా రాజుగారి దయకి నడుం నొప్పంటగడతావా, నోరు కడుక్కో పొమ్మన్నాడు. ఆ పూటే ప్రభువుల ఆరోగ్యం కోసం అడవంతా ఉపవాసం ఉండాలని వరహాలే తీర్మానం పెట్టించాడు. ఉపవాసాలున్నారు. మొక్కులు మొక్కారు. జింకలు కూడా మొక్కాయి.

ఇక మిగిలింది నాంచారమ్మ. వద్దమ్మా అని భూషయ్య బతిమాలాడు.

“నా దగ్గరికి వచ్చింది సింహం కాదయ్యా, నడుం,” అందావిడ.

“ఆ నడుముకి ముందువైపు పళ్ళున్నాయమ్మా.”

 గుహకెళ్ళి నడుం తడిమినప్పుడు ఆ పళ్ళు నేనూ చూశాను అంది నాంచారమ్మ. కానీ నొప్పితో మూలిగేవాణ్ణి చూసి, నీ పళ్ళు మంచివి కావని పంపెయ్యడం నాకు నేర్పలేదంది. భూషయ్య వెనుదిరిగాడు.  వెళ్ళిపోతుంటే ఆవిడే వెనక్కి పిలిచి, రేపు దర్బారులో దూరంగా నిలబడు, నడుం వంచకు అంది.

వైద్యం జరిగింది. ఆఖరి పూస సర్దిన మరుక్షణం నాంచారమ్మ చెట్టు చిటారు కొమ్మ ఎక్కేసింది. చదువుకున్నది కదా.

మర్నాడు ఆరోగ్యోత్సవ దర్బారు. అందరికంటే ముందు, రాజుగారి పాదాలకి మూరెడు దూరంలో జంబులింగం వంగాడు. ఈ ఘనకార్యానికి ఏం అడగాలో రాత్రంతా ఆలోచించుకున్నాడు పాపం. అతని వెనక వరహాలు, ఆ వెనక అడవంతా, ఉపవాసాల నీరసంతో ఎన్నడూ లేనంత లోతుగా వంగి ఉంది. అందరికీ వెనక ఆఖరి వరసలో భూషయ్యా, కోటమ్మా, పిల్లలూ నిలబడి ఉన్నారు.

మేనల్లుడు బిరుదులు అందుకున్నాడు. గొంతు బాగుంది. మృగరాజు అన్నాడు, గుహాధీశ్వరుడు అన్నాడు, దారిలో అక్కడక్కడా మింగేస్తూ అహింసావ్రతుడు దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. తర్వాతిది రాలేదు. మేనమామ ఉద్యోగం ఇప్పించగలిగాడుగానీ కంఠతా పట్టించలేకపోయాడు.

బిరుదులు ఆగాయంటే రాజుగారు కదలొచ్చు. మర్యాద ప్రకారమే సింహంగారు లేచి నిలబడ్డారు. ముందుకాళ్ళు చాచి హాయిగా ఒళ్ళు విరుచుకున్నారు. వెన్నులో ఎక్కడా నొప్పి లేదు. ఎన్నో ఏళ్ళుగా చద్దిమాంసం తిన్న కడుపు. ఎదురుగా, మూరెడు దూరంలో, వంచి పెట్టిన మెడ.

జంబులింగం కథ అక్కడితో సరి.

ఆ పైన జరిగింది చెప్పడానికి నోరు రాదు. పరిగెత్తాలంటే ముందు లేవాలి. లేవడం ఆ అడవి మర్చిపోయింది. వరహాలు తోక రాజుగారి నోట్లో వదిలిపెట్టి ప్రాణం దక్కించుకున్నాడు. జింకల్లో చాలామంది అలా వంగే పోయారు. మొదటి వరసలోంచి మంత్రీ మేనల్లుడూ పోయారు, ఆఖరి వరసలోంచి ఒక్కరూ పోలేదు.

ఆనాటినుంచి అడవిలో మళ్ళీ వేట మొదలైంది. నీళ్ళకెళ్ళాలంటే ప్రాణాలు అరచేత పట్టుకుని వెళ్ళాలి. ఒక మిట్టమధ్యాహ్నం మడుగు దగ్గర ఎవరూ లేరు కదా అని కోటమ్మ దిగింది. దాహం మీద పిల్లలూ ఆవిడా తల ముంచి తాగుతున్నారు. గట్టు మీదున్న భూషయ్యకి అవతలి పొదలో కదలిక కనిపించింది. నిటారుగా ఉన్నాడు కాబట్టి కనిపించింది. సింహంగారు గాలిలోకి లేవబోతున్నారు. కేకేసినా వాళ్ళు బురదలోంచి కాళ్ళు లాక్కునేలోపే అయిపోతుంది.

భూషయ్య కేకే వేశాడు. ఆ క్షణంలో ఏళ్ళ అలవాటు మీద నోటికి అదొక్కటే వచ్చింది.

“మృగరాజు, గుహాధీశ్వరుడు, గర్జనాగంభీరుడు...”

సింహంగారు ఆగిపోయారు. ఎత్తిన కాలు దింపారు. ఎవరూ పొగడక ఎన్నాళ్ళైందో, ఆ మొహంలో ఒక మెత్తదనం వచ్చింది. వెనక్కి జరిగి, తోక సర్దుకుని, కూర్చున్నారు. పొగుడుతుండగా లేవకూడదు మరి.

కోటమ్మ పిల్లల్ని ముందుకు తోసుకుంటూ గట్టెక్కింది. భూషయ్య ఆపలేదు. బురదంటని పాదపద్ముణ్ణి దాటాడు, తేనెపట్ల బిరుదు దాటాడు, గరికబీడు బిరుదు దాటాడు. పొదల్లోంచి ఒక్కొక్కరే వచ్చి గబగబా నీళ్ళు తాగి వెళ్ళారు. బిరుదులకి మాత్రం ఎవరూ వంగలేదు. రాజుగారు కళ్ళు మూసుకుని వింటున్నారు కాబట్టి ఆయనకది తెలీలేదు.

తర్వాత భూషయ్య నాంచారమ్మ చెట్టు దగ్గరికి వెళ్ళాడు. తోకలేని వరహాలు కూడా వెంట వచ్చాడు. రాజుగారి నడుం మళ్ళీ మునుపటిలా పట్టేసేటట్టు చెయ్యడానికి వైద్యమేమైనా ఉందా అమ్మా అని వరహాలు సిగ్గుపడుతూ అడిగాడు. నాంచారమ్మ కొమ్మ మీదనుంచి దిగకుండానే, దానికి వైద్యం ఎందుకంది. కదలకుండా కూర్చోబెట్టండి, అంతే అంది.

ఇప్పుడు ఆ అడవిలో రోజూ దర్బారు జరుగుతోంది. బిరుదులు చదివే ఉద్యోగం భూషయ్యదే. నిలబడే చదువుతాడు, కాస్త దూరంనుంచి చదువుతాడు. మడుగులో నీళ్ళు దాహాన్ని బట్టి తాగుతున్నారు. కొత్త బిరుదులు వారం వారం అందిస్తున్నారు, అందులో వరహాలుదే పైచెయ్యి. ఈసారి ఎవరికీ మెరకలూ బీళ్ళూ అక్కర్లేదు.

మొన్న వేసవిలో సింహంగారు వెనక ఒక మోడు పెట్టించమని అడిగారు. అడవంతా ఆ మాట విని లోలోపల పండగ చేసుకుంది. అయినా ఎందుకైనా మంచిదని భూషయ్య నాంచారమ్మ మీద ఒక కన్నేసి ఉంచాడు, ఆవిడ మనసు వెన్న.

నిన్న బిరుదులన్నీ అయిపోయాయి. రాజుగారు ముందుకాళ్ళు ఊని లేవబోయారు. భూషయ్య గొంతు సవరించుకుని, అప్పటికప్పుడు కట్టి, “ఎంత కూర్చున్నా అలుపెరుగని వజ్రాసనుడు,” అన్నాడు.

రాజుగారు తృప్తిగా మళ్ళీ కూర్చున్నారు.

నీతి: ఏలినవారు ఆరోగ్యంగా ఉండాలని మొక్కుకునే ముందు, మనం పరిగెత్తగలమో లేదో చూసుకోవాలి.